పదిహేడో ప్రశ్న

పటాన్‌చెరు,
16 నవంబర్ 2025, ఆదివారం.

నాన్నా,

ఇవాళ పొద్దున ఏడింటికి పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే గుమ్మం ముందు బీరమ్మ నిలబడి ఉంది. చంకలో పెద్ద మూట. భర్త మొగులయ్య పోయాక ఆమె మన గడప దగ్గరికి రావడం ఇదే మొదలు. కూర్చోమనడం కూడా తోచక, చేతిలో ఉన్న పాల ప్యాకెట్ ఆమెకే ఇవ్వబోయాను. "పాలెందుకు బిడ్డా, నీళ్ళియ్యి" అంది.

ఉత్తరం నమస్కారంతో మొదలుపెట్టాలని నువ్వే నేర్పావు. ఆ తొట్రుపాటులో అది వెనకపడింది. నమస్కారం నాన్నా. అమ్మ, తాతయ్య, నేను వేళకి లేస్తున్నాం, వేళకి తింటున్నాం. దాన్నే బాగుండటం అనుకుంటే ఇక్కడ అందరం బాగున్నాం. బాపట్లలో నువ్వూ అత్తయ్యా ఆపాటిగానైనా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ కార్డు గురువారం వచ్చింది. దీపావళి మర్నాడు ఫోను బీరువాలో పెట్టేసి నువ్వు రైలెక్కాక మాకు అందిన మొదటి మాట అదే. నాలుగు ప్రశ్నలు, కింద సంతకం. అంతే. అమ్మ ఆ కార్డుని వంటింట్లో పప్పుల డబ్బాకి ఆనించి పెట్టింది. పోపు వేసినప్పుడల్లా దాని మీద నూనె తుంపర పడుతోంది, అయినా తియ్యదు. నాలుగు ప్రశ్నలకీ వరసగా జవాబులు రాస్తాను. నాలుగోది చివరికి ఉంచుకుంటాను. ఉంచుకున్నందుకు ముందే క్షమించు.

అమ్మ గొంతు సంగతి అడిగావు. బొంగురు తగ్గింది. మళ్ళీ స్కూల్లో నాలుగు క్లాసులూ చెబుతోంది. వార్షికోత్సవానికి పిల్లల చేత నాటకం వేయించమని వాళ్ళ హెడ్‌మాస్టర్ అడిగాడట. "మా ఇంట్లో నాటకాల మనిషి ఊళ్ళో లేడండీ" అని వచ్చేసింది. ఆ ముక్క చెప్పి నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కుక్కర్ కూత వేయకుండానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తాతయ్య మోకాళ్ళు అడిగావు. దసరా ముందు వరకూ ఆయన ఏమనేవాడో నీకు గుర్తుండే ఉంటుంది. "పద్దెనిమిదేళ్ళు కళావేదికకి కార్యదర్శి. దండలు వేయించుకున్న మెడ అది. ఇప్పుడు లోడింగు వాళ్ళ మెడలు పిసుకుతున్నాడు" అని వీధిలో వాళ్ళకి వినపడేలా అనేవాడు. ఇప్పుడు ఆ తాతయ్యే సాయంత్రం కాగానే నువ్వుల నూనె సీసా కుర్చీ పక్కన పెట్టుకుంటున్నాడు. మొన్న నన్ను పిలిచి, "ఏమే సత్యా, మీ నాన్న బొటనవేలు ఎక్కడ ఆనించేవాడే?" అన్నాడు. మోకాలి చిప్ప పక్కన పెట్టి చూపించాను. "అక్కడ కాదే, ఇంకాస్త కింద. వాడికి తెలుసు" అని నా చెయ్యి తీసేశాడు. నువ్వు ఆయన కాళ్ళు పడుతున్నావని మాలో ఎవరికీ తెలియదు నాన్నా. ఎప్పుడు పట్టేవాడివి? అమ్మా నేనూ లేనప్పుడా?

మూడోది, గది. దర్జీ కొట్టు పైన గది ఖాళీ చేయమన్నావు, మసాజ్ బల్ల ఎవరికైనా ఇచ్చేయమన్నావు. నేను రెండూ చేయలేదు. ప్రతి ఆదివారం వెళ్ళి ఊడ్చి వస్తున్నాను. పోయిన వారం ఊడుస్తుంటే మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒడిశా నుంచి వచ్చిన లోడింగు మనిషి, పేరు అడగలేదు. మెడ ఒక పక్కకే తిరుగుతోంది. "సాబ్ కబ్ ఆయెంగే?" అన్నాడు. నువ్వెప్పుడొస్తావో తెలియదన్నాను. వచ్చిన తెలుగూ హిందీ కలిపి ఆయన చెప్పిందేమిటంటే, సాబ్ దగ్గర పడుకుంటే నిద్ర వస్తుందట, ఎందుకంటే సాబ్ చెయ్యి ఎప్పుడూ ఒంటి మీద నుంచి పోదట.

నువ్వు నాకు చెప్పిన మొదటి పాఠం అదే. నూనె కోసం వంగినా, తువ్వాలు అందుకున్నా, ఒక చెయ్యి మాత్రం పడుకున్న మనిషి మీదే ఉండాలి. కళ్ళు మూసుకున్నవాడికి మనం ఎటు పోయామో తెలియదు కదా అన్నావు. నేను ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ రోజుల్లో అన్నీ రాసుకునేదాన్ని. కళావేదిక హాలుకి తాళం పడ్డ రోజు నువ్వు అన్నదీ రాసుకున్నాను. ఫ్యాక్టరీ క్వార్టర్లన్నీ సగం ఖాళీ, నాటకం చూసే రిటైరైన వాళ్ళంతా పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, పైకప్పు కారుతోంది. ఎవరి మీదా కోపం లేకుండా తాళంచెవి ఇచ్చేసి బస్సెక్కావు. బస్సులో షిఫ్టు దిగిన వాళ్ళు మెడలు వాల్చుకుని నిద్రపోతున్నారు. "ఇన్నాళ్ళూ వీళ్ళు కూర్చుని మనల్ని చూశారే సత్యా. ఇకనుంచి వీళ్ళని మనం చూడాలి" అన్నావు. నలభై ఏడేళ్ళ వయసులో హైదరాబాదు వెళ్ళి, నీలో సగం వయసు పిల్లలతో బెంచీ మీద కూర్చుని ఆరు నెలలు కండరాల పేర్లు బట్టీ పట్టావు. నాకు డిగ్రీలో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా నేను అంత గర్వపడలేదు.

ఇప్పుడు బీరమ్మ సంగతి.

నీళ్ళు తాగి, మూట విప్పింది. మన తెర నాన్నా. కళావేదిక తెర, ముదురు ఎరుపు మఖ్‌మల్ గుడ్డ. హాలు మూసినప్పుడు ఎలకల పాలైందనుకున్నాం. దాన్ని లాగే మొగులయ్యే ఇంటికి పట్టుకుపోయి ట్రంకు పెట్టెలో వేపాకులు వేసి దాచాడట. ఒక్క చిరుగు లేదు.

"సార్ రూముల పాత దుప్పటి గట్టుకున్నడు అడ్డం. మస్తు నామోషిగ ఉన్నది, మన పర్దా ఇస్త అన్నడు. కట్టు గట్టిన కాలు మంచిగైనంక తెస్తనన్నడు" అంది బీరమ్మ.

అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"కూసో అమ్మా, నువ్వెందుకు నిలబడ్డవ్? నేనే మంచిగున్న" అని బీరమ్మే అమ్మని కూర్చోబెట్టింది. చీర కొంగుకి పత్తి పీచు అంటుకుని ఉంది. కొండాపూర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో పత్తి ఏరే పని నడుస్తోందట. రెండు రోజులు పోలేదని మేస్త్రి కసిరాడట. "మొగడు సచ్చిన దానికి రెండ్రోజులు జ్వరం గూడ రావొద్దా అన్న. నోరు మూసుకున్నడు."

తర్వాత మొగులయ్య ఆఖరి రాత్రి గురించి చెప్పింది. నేను అడగలేదు. నీకు రాయాలో వద్దో అని మధ్యాహ్నం దాకా ఆలోచించాను. తనే నీకు చెప్పమంది కాబట్టి రాస్తున్నాను.

"సార్ ఆయన కాలు పిసికినంక ఇంటికొచ్చి ఎంత సంబురపడ్డడో తెలుసా! నొప్పి సగం పోయిందే, సార్ చేతుల ఏదో ఉన్నదే అన్నడు. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడు. మీ సార్ నాటకం ఏసేటప్పుడు ఎట్ల సూశెటోడో యాక్టింగు జేసి సూపిచ్చిండు, మేమందరం నవ్వినం. తెల్లారగట్ల ఊపిరి ఆడతలేదన్నడు. అంతే, ఇగ లేడు."

ఆ తర్వాత ఆమె నన్ను చూసి అంది: "ఊర్లోల్లు సార్ కాలు పిసికి సంపిండని అంటున్నరు బిడ్డా. నేను కొట్లాడిన. డాక్టరే అన్నడు గద, కట్టు ఇప్పిన కాల్ల రక్తం గడ్డ కట్టింది, అది ఊపిరితిత్తులకు పోయింది, ముట్టకున్నా పోతుండెనేమో అని. మరి సార్ ఏం పాపం జేసిండని గంత దూరం పోయి దాక్కున్నడు? ఆయన గట్ల పోతే ఊర్లోల్ల మాట నిజమైతది గద?"

అమ్మ నా వైపు చూసింది. నేను తెర మడతలు చూస్తూ కూర్చున్నాను.

ఇక నీ నాలుగో ప్రశ్న. కార్డు మీద నువ్వు రాసింది రాసినట్టుగా మళ్ళీ రాస్తున్నాను: "ఆ రోజు మొగులయ్యకి చదివి వినిపించిన కాగితం ఫైల్లో ఉంటుంది. కాలి వాపు గురించి అందులో ఒక ప్రశ్న ఉండాలి. నేను చదవకుండా దాటేశానేమో. చూసి నిజం రాయి."

నువ్వు దాటేయలేదు నాన్నా.

ఆ కాగితం ఫైల్లో లేదు. మొగులయ్య పోయాడని తెలిసిన పొద్దున, నువ్వు వాళ్ళ ఊరికి పరిగెత్తగానే, నేను గదికి వెళ్ళి దాన్ని తీసుకొచ్చేశాను. అప్పటినుంచి నా తెలుగు వ్యాకరణం పుస్తకంలో ఉంది. అందులో వాపు గురించి ప్రశ్న లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. నేను తీసేశాను.

మీ శిక్షణ సంస్థ వాళ్ళు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో నలభై రెండు ప్రశ్నలుండేవి. నువ్వు ఒక్కోటీ నోటితో తెలుగు చేసి అడిగేవాడివి. చదువురాని వాళ్ళు భయపడుతున్నారు, మంచి తెలుగులో రాసిపెట్టవే అన్నావు. ఎంత సంతోషపడ్డానో! కాలేజీలో తెలుగు మేడమ్ నా వ్యాసం క్లాసులో చదివించిన వారం అది. ప్రపంచంలో ఏ వాక్యం కనపడినా సరిచేయాలనిపించేది. పది రోజులు కూర్చున్నాను. మూడు సార్లు తిరగరాశాను. నలభై రెండు ప్రశ్నలని ఇరవై ఒకటి చేశాను. ఒకే మాట రెండుసార్లు వస్తే తీసేశాను, వినడానికి మోటుగా ఉన్నవి కలిపేశాను.

ఇంగ్లీషు కాగితంలో పదిహేడో ప్రశ్న ఇది: "ఈ మధ్య కాలికి కట్టు వేశారా, లేదా చాలా రోజులు మంచం మీద ఉన్నారా? ఒక కాలు మాత్రమే వాచి, ముట్టుకుంటే వేడిగా ఉందా?" దాని కింద చిన్న అక్షరాల్లో, "అవునంటే ఆ కాలు ముట్టవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి" అని ఉంది. కాళ్ళ నొప్పి గురించి అంతకుముందే ఒక ప్రశ్న ఉంది కదా, మళ్ళీ కాలేనా అనుకున్నాను. రెండూ కలిపి ఇలా రాశాను: "కాళ్ళలో అలసట గానీ, బరువు గానీ, నొప్పి గానీ ఉన్నాయా?" ఆ మూడు 'గానీ'లూ పైకి చదువుకుని మురిసిపోయాను.

దసరా రోజు నువ్వు బల్లకి, నూనె సీసాలకి బొట్టు పెట్టి పూజ చేశావు. ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ మిషన్లకి పూజ చేస్తుంటే మన మిషన్లు ఇవే అన్నావు. నేను రాసిన కాగితం కూడా బల్ల మీద పెట్టి దానికీ పసుపు కుంకుమ అద్దావు. "నువ్వు రాస్తే రోగం అడగడం కూడా కుశలం అడిగినట్టుంది" అన్నావు.

మొగులయ్య వచ్చిన రోజు నేనూ గదిలో ఉన్నాను, కిటికీ దగ్గర స్టూలు మీద. నువ్వు కాగితం ఎత్తి చదివావు. నీ వేదిక మీది గొంతు. మొగులయ్య నవ్వి, "సార్, ఇన్నేండ్లు యాక్టర్లకు డైలాగులు నేర్పిండ్రు, నాకు సప్పుడు జేయకుండ పర్దా గుంజుడు నేర్పిండ్రు. ఇయ్యాల నాకు గూడ డైలాగున్నదా?" అన్నాడు. నువ్వూ నవ్వావు. కాళ్ళ ప్రశ్న వచ్చింది. "మూడు గూడ ఉన్నయి సార్" అన్నాడు.

నువ్వు ఏ యాక్టరునీ కాగితంలో లేని మాట అననిచ్చేవాడివి కాదు. "రాసింది చెప్పు, లేనిది కల్పించకు" అని రిహార్సల్లో స్టూలు తన్నిన రోజు నాకు గుర్తుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు అది. కాబట్టి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివావు, అది అయిపోగానే పని మొదలుపెట్టావు. కట్టు తీసి ఐదు రోజులే అయిన కాలు. వాపు నీ కంట పడే ఉంటుంది, కట్టు విప్పిన కాలు కదా అనుకుని ఉంటావు. ఆపాల్సిన చోట నిన్ను కాగితం ఆపలేదు. అది నీ బల్ల మీద ఉన్నదే అందుకు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి రెండుసార్లు లేచి నీళ్ళు తాగి వచ్చాను. ఆ రోజు మొగులయ్య మెట్లెక్కి వచ్చినప్పుడు ఎడమ కాలి చెప్పు చేత్తో పట్టుకుని వచ్చాడు. వాచిన కాలు అందులో పట్టక. నేను చూశాను నాన్నా. చూసి, బాగుంది కదా అనుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాను: "తెర లాగే మనిషి ఒక చెప్పు వేసుకుని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు." తారీఖుతో సహా ఉంది. ఎందుకు పట్టుకున్నావని మాత్రం అడగలేదు. నీకూ చెప్పలేదు. నేను ఆ వాక్యంలో 'మెట్లెక్కాడు' అనాలా, 'మెట్లెక్కి వచ్చాడు' అనాలా అని ఆలోచిస్తున్నాను, నువ్వు అక్కడ అతని కాలు నీ ఒడిలోకి తీసుకుంటున్నావు.

నీకు మొదటి రోజే చెప్పాల్సింది. దినాలకి వెళ్ళి వచ్చి నువ్వు చేతులు సబ్బుతో కడుక్కుంటూ ఉండిపోయిన రోజు చెప్పాల్సింది. రైలెక్కే రోజు స్టేషన్లో నా తల మీద చెయ్యి పెట్టావు. అది తీసేలోపైనా చెప్పాల్సింది. నువ్వు నన్ను అసహ్యించుకుంటావని భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. కానీ నువ్వు దాటేశావేమోనని బాపట్లలో కూర్చుని ఆ ప్రశ్న కోసం వెతుక్కుంటున్నావు, అది దొరకదు, అది నా దగ్గరుంది.

గది ఖాళీ చేయమంటే చేస్తాను. నీ చేతులు మళ్ళీ ఆ పని చేయాలో వద్దో నేను చెప్పకూడదు. డాక్టర్ అన్నట్టు ముట్టకపోయినా జరిగేదేమో, అది కూడా మనకి ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే: అడగాల్సిన ప్రశ్న నువ్వు అడగకుండా వదిలేయలేదు, నీ చేతికి అది అందలేదు.

బీరమ్మ వెళ్ళేటప్పుడు తెర మన ఇంట్లోనే వదిలి వెళ్ళింది. "సార్ వచ్చినంక ఆయన చేతుల్తోనే గట్టుమను. నిమ్మలంగ రమ్మను" అంది. నిమ్మలం అనే మాట ఎంత బాగుందో అనుకున్నాను. పెన్ను తీయలేదు. ఆమెని బస్టాండు దాకా దిగబెట్టాను. దారి పొడుగునా కాగితం సంగతి నోటి చివరే ఉంది. చెప్పలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఊళ్ళో వాళ్ళతో ఆమె నీ కోసం కొట్లాడుతోంది. ఎవరి కోసం, దేనికోసం కొట్లాడుతోందో ఆమెకి తెలియాలి. నీకు రాసేశాక మిగిలింది ఆమెకి చెప్పడం. ఆ తర్వాత అమ్మకి.

రేపు పొద్దున ఆరున్నర బస్సుకి సంగారెడ్డి వెళ్ళి, అక్కడినుంచి కొండాపూర్ వైపు బస్సు పట్టుకుంటాను. బీరమ్మ ఎనిమిదింటికి పత్తి చేనుకి పోతుంది, ఆలోపే చేరాలి. ఈ ఉత్తరం బస్టాండు పక్క పోస్టు డబ్బాలో వేసి బస్సెక్కుతాను. వేశాక మళ్ళీ దిద్దడానికి ఉండదు. సంచిలో రెండు కాగితాలూ పెట్టుకున్నాను, ఇంగ్లీషుదీ నాదీ. పదిహేడో ప్రశ్న ఆమెకి ఉన్నది ఉన్నట్టు, మోటుగానే చదివి వినిపిస్తాను. చెప్పు సంగతి కూడా చెబుతాను. అంతసేపూ ఆమె చెయ్యి పట్టుకుని ఉండాలనుకుంటున్నాను. ఆమె విదిలించుకుంటే విదిలించుకోనీ. నా అంతట నేను మాత్రం తీయను.

ఇట్లు,
నీ కాగితం పాడుచేసిన నీ కూతురు,
సత్యశ్రీ